సీసా మీద సున్నపు గీత

మొదటి సీసా పేలింది ఆదివారం మధ్యాహ్నం, మేం రొట్టె మీద మెత్తటి జున్ను రాసుకుంటుండగా. నేలమాళిగలోంచి తుపాకీ పేల్చినట్టు చప్పుడు వచ్చింది. జుల్మా పిన్ని చేతిలోని ముల్లంగిని కింద పడేసి గుండెల మీద శిలువ గీసుకుంది. మా నాన్న పోలిడోర్ మాత్రం నమలడం ఆపలేదు.

"ముందు వరసదే," అన్నాడు. "ఈ వసంతంలో నింపింది. కుర్రది, ఆగలేకపోయింది."

"వెనక వరసది కాదుగా?" అన్నాను.

"వెనకవి పెద్దమనుషులే, లీవ్. అలా అరవవు."

తన ముల్లంగిని ఉప్పులో అద్దాడు. మళ్లీ అద్దాడు. పిన్ని ఉప్పు గిన్నె తన వైపు లాక్కుంది. "చలికాలం జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ ఈయన ఉప్పు తినడం కాదు, ఉప్పులో బతుకుతున్నాడు. కాస్త చెప్పవే నీ తండ్రికి!"

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండాకాలం అది. బ్రస్సెల్స్ పక్కన గుట్టల్లో మా పల్లెలు. జూన్ మొదలు చినుకు లేదు. గడ్డి ఎండిపోయింది, ఆవుల్ని తెగనమ్ముతున్నారు, ఫాదర్ ప్రతి ఆదివారం వాన కోసం ప్రార్థన చేయించి చెమట తుడుచుకుంటున్నాడు. ఎప్పుడూ చల్లగా ఉండే మా నేలమాళిగ కూడా గోరువెచ్చగా మారింది. ఇల్లంతా కాచుకుని కూర్చునేది, తర్వాతి సీసా ఎప్పుడు పేలుతుందా అని.

మాది బీరు కలిపే ఇల్లు. కాచిన బార్లీ, గోధుమల రసం పక్క ఊరి నుంచి తెచ్చుకుని పీపాల్లో పోస్తే అది దాని ఇష్టం వచ్చినట్టు పులుస్తుంది. ఏళ్లు గడిచిన పీపాదీ, కొత్త పీపాదీ రుచి చూసి, పాళ్లు కుదిర్చి, సీసాల్లోకి ఎత్తడం నాన్న పని. పాళ్లు కుదిరితే సీసాలో బీరు బుద్ధిగా ముసలిదవుతుంది. కుదరకపోతే పేలుతుంది. అలా కలిపేవాళ్లు మా చుట్టుపక్కల ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. ఆ ఏటికి మా ఊళ్లో నాన్న ఒక్కడే మిగిలాడు.

సీసాని పడుకోబెట్టాక పైకి ఉన్న వైపున సున్నంతో ఒక గీత పెట్టాలి. ఎప్పుడు ఎక్కడికి మార్చినా ఆ గీత పైకే ఉండాలి, లేకపోతే అడుగున పేరుకున్న మడ్డి లేచి బీరంతా కలగాపులగం అవుతుంది. ముందు వరసలకు ఒక్క గీత. వెనక అరల్లో రెండు గీతలవి నావి. నేను పుట్టిన ఏడాది, ముప్ఫై ఎనిమిదిలో, నా పెళ్లికని దాచినవి. ఒక గీత అమ్మాయికి, ఒకటి అల్లుడికి అని మా అమ్మ అనేదట. యుద్ధంలో సైనికులు ఇల్లు సోదా చేసినప్పుడు నాన్న వాటిని బొగ్గుల కింద పూడ్చి కాపాడాడు. వాటి పక్కన శిలువ గుర్తు ఉన్నవి నాన్నవి, ఆయన చావుకి. అమ్మ పోయినప్పుడు ఇంట్లో చెప్పుకోదగ్గ బీరు లేక వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి పంపాం. ఆ సిగ్గు నాన్న మరచిపోలేదు. మరుసటి ఏడాదే తనవి తాను దాచుకున్నాడు.

బీరు ఇన్నేళ్లు ఎందుకు దాస్తావయ్యా అని ఎవరడిగినా నాన్న దగ్గర ఒక జవాబు ఉండేది, మనిషిని బట్టి. ఫాదర్‌కి, ఓపిక నేర్చుకోవడానికి. బ్రస్సెల్స్ నుంచి కార్లలో వచ్చేవాళ్లకి, రుచిలో పదును పోయి నునుపు తేలుతుందని. పక్కింటి అకీల్‌కి, "నీలాంటివాడు ఒక్క పూటలో తాగేయకుండా." మా అమ్మ అడిగితే, "పడుచుది ముసలిదైతే ఎలా ఉంటుందో చూద్దామని. నిన్ను చూడట్లా?" అనేవాడట.

నాకు ముప్ఫై ఎనిమిది నిండాయి, పెళ్లి కాలేదు. ఊళ్లో నా పేరు 'రెండు గీతల పిల్ల'. లెంబేక్ నుంచి ఒక సైకిళ్ల షాపతను చాలాకాలం వచ్చిపోయాడు, గొలుసుల గురించీ పళ్ల చక్రాల గురించీ తప్ప మరో మాట ఉండేది కాదు. అతణ్ని వద్దన్నందుకు నేను ఒక్కసారి కూడా బాధపడలేదు. నా మనసంతా పీపాల మీద ఉండేది.

*

జులై మొదట్లో పెరట్లో పీపా కడుగుతున్నాను. లోపల గొలుసు వేసి, వేణ్నీళ్లు పోసి, అటూ ఇటూ దొర్లించడం. నాన్న వచ్చి నిలబడ్డాడు.

"ఇక కడగక్కర్లేదు," అన్నాడు.

"నీళ్లు లేవనా? బావిలో ఇంకా ఉన్నాయి."

"నీళ్లు కాదు. ఆగస్టులో మేరీమాత పండగ వెళ్లాక పట్నం బీరు కంపెనీ మనిషి వస్తాడు. పీపాలన్నీ తీసుకుపోతాడు. మాట ఇచ్చేశా."

పీపా దొర్లించడం ఆపాను. "మరి మనం?"

"నువ్వూ జుల్మా పళ్ల మురబ్బా చేసుకోండి. నేను పావురాలు పెంచుతా."

"నీకు పావురాలంటే అసహ్యం!"

"అలవాటు చేసుకుంటా."

"ఇన్నేళ్లుగా నేను కడిగిన పీపాలు, నేను బిగించిన బిరడాలు. నాకు మాటమాత్రం చెప్పకుండా ఎలా ఇచ్చావ్ మాట?"

"కడగడం వేరు, కలపడం వేరు."

"నేర్పితే కదా!"

"ఆడవాళ్లు పీపా రుచి చూస్తే బీరు పులుస్తుంది."

"మన బీరు పుట్టుకే పులుపు. ఇంకేం పులుస్తుంది?"

మరెప్పుడైనా అయితే నవ్వేవాడు. ఆ రోజు నా మొహం కేసి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

ఆడవాళ్లు నేలమాళిగ మెట్లు దిగకూడదన్నది నాన్న పెట్టిన నియమం. పని ఉన్నప్పుడు మాత్రం నన్ను ఆడదాని కింద లెక్కేసేవాడు కాదు. జుల్మా పిన్ని అమ్మ చెల్లెలు, సముద్రం ఒడ్డు ఊరి మనిషి, అమ్మ పోయాక మాకు తోడుగా వచ్చింది. ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. నేనేమో నాన్న నిద్రపోయే మధ్యాహ్నాల్లో పీపాలకు కొట్టిన చిన్న చెక్క మేకులు ఊడదీసి, చుక్క చుక్కగా అన్నీ రుచి చూసేదాన్ని. వాటికి నా పేర్లు నాకున్నాయి. ఒకటి కుంటిది, ఒకటి మేయర్. గోడవార ఉన్నది సన్యాసిని. నాకు ఇరవై దాటాక వచ్చిందది. దాంట్లో పోసింది ఏదైనా చివర్న సన్నగా పొగ వాసన వదిలేది, దీపం ఆర్పాక వచ్చేలాంటిది.

ఆ మాట విన్నాక నాకు ఒక చోట కాలు నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. గుట్ట ఎక్కేదాన్ని, దిగేదాన్ని. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికేదాన్ని. కంపెనీవాళ్ల బీరు ఒకసారి తాగాను, చంటిపిల్లల మందులా తియ్యగా ఉంటుంది. మా సన్యాసినిలో ఆ పాకం పోస్తారన్న ఊహకే ఒళ్లు మండిపోయేది. నాన్న మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. మరోవైపు కింద సీసాలు పేలుతూనే ఉన్నాయి, అన్నీ ముందు వరసవే.

*

"వెనకవి కూడా పోయేలా ఉన్నాయి," అన్నాడు నాన్న ఒక పొద్దున. "అకీల్ దుంపల గుహలోకి మారుద్దాం."

గుట్టలోకి తవ్విన గుహ అది, అకీల్ దుంపలు నిల్వ చేసుకునేది. ఆ ఏడు అతని దుంపలు గోళీకాయలంతే ఊరాయి, కాబట్టి ఖాళీగా ఉంది. ఒంటి చక్రం బండిలో గడ్డి పరిచి, సీసాలు గీతలు పైకి ఉండేలా పడుకోబెట్టి, తడి గోనెలు కప్పాం. నేను తోశాను. నాన్న ఒక చెయ్యి గోనె మీద వేసి పక్కనే నడిచాడు, జబ్బుచేసిన ఆవుని తీసుకెళ్తున్నట్టు. అకీల్ తన వాకిట్లో నిలబడి చూస్తూ, "ఏం లీవ్, పెళ్లికి తరలివెళ్తున్నావా?" అని అరిచాడు.

"నీ దుంపల్ని పెళ్లాడతా, అడ్డు తప్పుకో," అన్నాను.

సీసాలన్నీ అకీల్ ఆపిల్ చెట్టు నీడలో గడ్డి మీద దించి, పిన్నిని కాపలా ఉంచి, వాటిని పేర్చే చెక్క అరలు తేవడానికి మళ్లీ ఇంటికి వెళ్లాం. అరలు మేకులు ఊడదీసి విప్పేసరికి చాలాసేపు పట్టింది.

తిరిగొచ్చేసరికి సీసాలన్నీ తళతళ మెరుస్తూ, చెట్టు పక్కనున్న రాతి నీళ్ల తొట్టి అంచు మీద పాలసీసాల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. పిన్ని చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. పక్కన బట్టల సోడా కలిపిన నీళ్ల బకెట్టు, బ్రష్షు.

"ఎంత మురికి, ఎంత మురికి!" అంది పిన్ని గర్వంగా. "సాలెగూళ్లు సరే, సున్నం కూడా అంటుకుని చచ్చింది. గీకీ గీకీ గోళ్లు అరిగాయి. ఆడపిల్ల పెళ్లి సీసాలు ఇలాగా ఉంచేది? చూసినవాళ్లు నన్ననరూ?"

నాన్న ఒక సీసా ఎత్తి ఎండకి పెట్టి చూశాడు. లోపల మడ్డి అంతా లేచి పొగలా తిరుగుతోంది. ఇంకోటి ఎత్తాడు. అదీ అంతే. అన్నీ ఒకే రకం ముదురాకుపచ్చ గాజు, ఒకే రకం బిరడాలు. ఏది నా పెళ్లిదో, ఏది ఆయన చావుదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

సంగతి అర్థమయ్యాక పిన్ని తొట్టి పక్కన కూలబడింది. "నాకేం తెలుసు బావా? కిందికి దిగనిచ్చావా ఎప్పుడైనా?"

నాన్న చేతిలో సీసాని మెల్లగా గడ్డి మీద పడుకోబెట్టాడు. అకీల్ మాత్రం ఊరుకోడుగా. కిటికీలోంచి రేడియో వినిపిస్తోంది, ఫ్రాన్సు కొండల్లో సైకిల్ పందెం. దాన్ని తగ్గించి బయటికొచ్చాడు. "దీనికింత బెంగెందుకు? కళ్లకి గంతలు కట్టినా ఏ పీపాదో చెప్తానంటావుగా పోలిడోర్. ఒకటి తీయ్. చెప్పు."

"తీస్తే దాచినట్టెలా అవుతుంది?" అన్నాడు నాన్న.

"తెలియకుండా దాచి ఏం చేస్తావ్? పెళ్లిలో ఏడుపు పోస్తావా, చావులో సంబరం పోస్తావా?"

చివరికి నాన్న ఒకటి తీసుకుని బిరడా లాగాడు. నురగ ఎగదన్నింది. ఎండలో నిలబెట్టి, కుదిపిన సీసా కదా, నురగని బట్టి ఏమీ చెప్పలేం. అకీల్ గ్లాసులు తెచ్చాడు. నాన్న వాసన చూశాడు, నోట్లో పోసుకుని పుక్కిలించాడు, మింగాడు. మళ్లీ తాగాడు. ఆయన మెడ మీద చెమట కారడం నాకు కనిపిస్తోంది.

"పెళ్లిది," అన్నాడు. "లీవ్‌ది. ముప్ఫై ఎనిమిది నాటిది."

నా గ్లాసు నేను తాగాను. నిమ్మతొక్క, పాత ఇనుము, ఎండుగడ్డి. మింగాక నాలుక చివర్న సన్నగా పొగ.

సన్యాసిని. ఆ పీపా మా ఇంటికి వచ్చిందే నాకు ఇరవై దాటాక. నేను పుట్టిన ఏటి బీరులో దాని వాసన ఉండే వీలే లేదు. ఇది నాన్న చావుకి దాచుకున్నది. కొత్తగా పని నేర్చుకున్నవాడు కూడా ఆ పొగ పోల్చుకోగలడు.

తల ఎత్తేసరికి నాన్న నన్నే చూస్తున్నాడు. ఉప్పు గిన్నె గుర్తొచ్చింది. పేలుతున్న సీసాలు గుర్తొచ్చాయి. అప్పటిదాకా కడుపులో ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, భయం వేసింది.

"ఏమే, అవునా?" అన్నాడు అకీల్.

"పెళ్లిదే," అన్నాను.

"అయితే పెళ్లికొడుకేడీ?" అని అకీల్ గట్టిగా నవ్వి రేడియో పెంచుకున్నాడు. సగం మిగిలిన సీసాకి నాన్న బిరడా బిగించి చంకలో పెట్టుకున్నాడు. మిగతావాటిని ఏ వైపు పైకో తెలియకుండానే గుహలో పడుకోబెట్టాం.

*

మరుసటి పొద్దున నాన్న నేలమాళిగలో, గోడవార పీపా ముందు, ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక్కి తిరగలేదు.

"నిన్నటిది ఏది?" అన్నాడు.

"నీది."

"ఎలా తెలుసు?"

"సన్యాసిని ఉంది అందులో."

"సన్యాసిని ఎవరు?"

ఆయన ఎదురుగా ఉన్న పీపా మీద చెయ్యి వేశాను. నాన్న దాన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"ఎప్పటి నుంచి తాగుతున్నావ్?"

"తాగడం కాదు, రుచి చూడటం. అమ్మ ఉన్నప్పటి నుంచీ."

"మరి బీరు పులవలేదే?"

"పులిసింది. నువ్వే మెచ్చుకున్నావు."

నవ్వాడు. నవ్వుతూనే బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు, ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "జ్వరం తగ్గాక అంతా నీళ్లే, లీవ్. కాఫీ నీళ్లు. చేప నీళ్లు. ఆవాల ముద్ద నోట్లో పెట్టుకుంటే మంట తెలుస్తుంది, రుచి తెలియదు. వసంతంలో కలిపింది అలవాటు కొద్దీ కలిపా. కొత్తది ఎక్కువ పోశానేమో. అందుకే పేలుతున్నాయి. ఎండకి కాదు."

"డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"వెళ్లా. వయసు అన్నాడు. ఇంకో ఏడాది ఇలాగే కలిపితే ఉన్న పేరు పోతుంది. పేరు ఉండగానే పీపాలు పోవాలనుకున్నా."

"నాకు చెప్పాల్సింది!" ఆ మాట అరిచేశాను.

"కూతురికైతే చెప్పొచ్చు. పనిమనిషికైతే చెప్పొచ్చు. నిన్ను రెండూ చేసి పెట్టా. ఎవరికి చెప్పాలో తేలలేదు."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నాన్న ఓదార్చలేదు, ఓదార్చడం రాని మనిషి. నిన్నటి సీసా తీసి రెండు గ్లాసుల్లో పోశాడు.

"నా చావు బీరు నేనే తాగుతున్నా. ఎంతమందికి దొరుకుతుంది ఈ భాగ్యం?" అని ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "చెప్పు. ఎలా ఉంది?"

చెప్పాను. నిమ్మతొక్క ముందు వస్తోందన్నాను. తర్వాత చర్చి తలుపు గొళ్లెం నాకినట్టు ఇనుము. దాని వెనక అకీల్ గడ్డివాము, కొత్తగా వేసినప్పటిది. కాస్త తేనె, కానీ తియ్యదనం లేదు. ఒక్కో మాటకీ ఆయన ఒక్కో గుక్క తాగాడు.

"పొగ ఉందా?"

"ఉంది. మింగాక."

"ఉండాలి," అన్నాడు కళ్లు తెరవకుండానే. "కావాలనే పెట్టా."

ఆ తర్వాత నన్ను ప్రతి పీపా దగ్గరికీ తీసుకెళ్లాడు. మేకు తీసేవాడు, నేను తాగి చెప్పేదాన్ని, ఆయన ప్రశ్నలు వేసేవాడు. కుంటిది ఇంకో చలికాలం ఆగాలన్నాను. "ఎందుకు?" అన్నాడు. చెప్పాను. మేయర్‌ని పారబోయాలన్నాను. "నోర్ముయ్," అని, వాసన చూసి, వాసన తెలియదని గుర్తొచ్చి, "సరే, పారబోయ్," అన్నాడు. ఆ వేసవంతా మా ఇద్దరికీ అదే పని, కీచులాడుకుంటూ. పిన్ని కూడా కిందికి దిగింది, చీపురుతో. పీపాల మీద ముసిరే ఈగల్ని పట్టే సాలెగూళ్ల జోలికి వెళ్లొద్దని ఆవిణ్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

మేరీమాత పండగ వెళ్లాక కంపెనీ మనిషి లారీతో వచ్చాడు. ఆ ఎండలో కూడా కోటు వేసుకున్నాడు. నాన్న అతనికి కుర్చీ వేసి, బీరు పోసి, అంతా మర్యాదగా విన్నాడు.

"మాట ఇచ్చారు కదండీ," అన్నాడతను, లారీ కేసి చూపిస్తూ.

"ఇచ్చాను. తప్పు మాట ఇచ్చాను. పీపాలు నావనుకుని ఇచ్చా." నాన్న గడ్డంతో నా వైపు చూపించాడు. "కలిపేది ఆమె. ఆమెనడగండి."

అతను నా వైపు తిరిగాడు. "లారీ చెట్టు నీడలో పెట్టించండి," అన్నాను. "వేడికి టైర్లు పాడవుతాయి. ఖాళీగా తిరిగి వెళ్లే ముందు ఇంకో గ్లాసు తాగండి."

*

సెప్టెంబర్‌లో వానలు పడ్డాక సీసాల్ని అకీల్ గుహ నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి మడ్డి మళ్లీ ఒక వైపు పేరుకుంది. వెనక అరల్లో పేర్చాక నాన్న సున్నం కలిపి తెచ్చి, కుంచె నా చేతికిచ్చాడు. ఎప్పుడూ గీతలు పెట్టేది ఆయనే.

"రెండు గీతలా? శిలువా?" అన్నాను.

"ఒక్కటి చాలు. పైవైపు తెలిస్తే చాలు."

"మరి ఇవి దేనికని చెప్పను ఎవరైనా అడిగితే?"

ప్రతివాడికీ ఒక జవాబు ఉంచుకునే నాన్నకి, నాకివ్వడానికి మాత్రం ఏదీ దొరకలేదు. "పెట్టు, పెట్టు. సున్నం ఆరిపోతోంది," అన్నాడు.

ఆయన ఇంకొన్నేళ్లు బతికాడు. నేను కలిపిన బీరుని, నేను చెప్తుంటే తాగుతూ బతికాడు. పోయింది ఒక ఫిబ్రవరిలో. ఊరంతా వచ్చింది. ఈసారి ఎవరికీ వట్టి కాఫీ ఇవ్వలేదు. వెనక అరల్లోంచి సీసాలు పైకి తెచ్చి, బుట్టలో పడుకోబెట్టి, కదలకుండా ఒక్కొక్కటే పోశాను. ముందు తీసినవన్నీ నాన్నవే. ఒక్కోదాని చివర్నా సన్యాసిని పలకరించింది.

తర్వాతి బిరడా తీసి నా గ్లాసులో చుక్క పోసుకుని చూశాను. పొగ లేదు. పాత ఆపిల్ పళ్లు, మైనం, వాల్‌నట్ తొక్క, నా నోటికి తెలియని చెక్క వాసన. నేను ఎన్నడూ కడగని పీపాలది, నేను ఉయ్యాల్లో ఉండగా ఆయన ఒక్కడే కలిపింది. అంత మంచి బీరు నేను అప్పటికీ ఇప్పటికీ తాగలేదు. అది చెప్పడానికి పక్కకి తిరిగాను. నాన్న కుర్చీలో ఎవరో కోటు వేసి వెళ్లారు.

అకీల్ బల్ల అవతలి నుంచి ఖాళీ గ్లాసు చాపాడు. బాగా ముసలివాడైపోయాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అదేది లీవ్? పెళ్లిదా?"

"నాన్నదే," అన్నాను. అతని గ్లాసు పక్క సీసాతో నింపి, పొగ లేని సీసాని మాత్రం నా ముందే ఉంచుకున్నాను.